ముళ్లతీగ వ్యాపారం: అమ్మకం కిలోల్లో, వాడకం మీటర్లలో

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాల్లో ఇనుప సామాను అమ్మే దుకాణాల ముందు తప్పకుండా కనిపించే సరుకు ముళ్లతీగ. సిమెంటు, స్టీలు ధరలను ప్రతిరోజూ విచారించే వర్తకులు కూడా దీని సంగతి అంతగా పట్టించుకోరు. అయినా పొలం గట్టు మొదలు ప్లాటు హద్దు వరకు, సబ్ స్టేషన్ ప్రహరీ మొదలు బొగ్గు గని స్టోర్సు వరకు దీని అవసరం లేని చోటు లేదు. ఈ సరుకులో ఒక చిక్కు మొదటి నుంచీ వుంది. దుకాణంలో దీన్ని కాంటా మీద కిలోల్లో తూస్తారు. పొలంలో దీన్ని మీటర్లలో సాగదీస్తారు. ఈ రెండు లెక్కల మధ్య తేడాలోనే వర్తకుని లాభనష్టాలు, రైతు మంచిచెడ్డలు ఇమిడి వున్నాయి. అటవీ గ్రామాల్లో ఈ తేడా ఒక్కోసారి ప్రాణాల మీదికి కూడా వస్తున్నది.

మూడు జిల్లాలు, మూడు రకాల గిరాకీ

2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్ జిల్లా విభజనతో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు వేరయింది. పాత జిల్లా ఒకటే అయినా ముళ్లతీగ గిరాకీ మాత్రం మూడు చోట్ల మూడు తీరుల్లో వుంటుంది.

జనగామ హైదరాబాద్–వరంగల్ 163 నెంబరు జాతీయ రహదారి మీద వుంది. రహదారి వెంట భూమికి విలువ పెరిగిన కొద్దీ హద్దులు పాతుకోవాలన్న ఆదుర్దా పెరిగింది. ఇక్కడ తీగ కొనేవారిలో సాగుదారులే కాక, భూమి కొని పట్నంలో నివసించే యజమానులు కూడా వుంటారు. వీరికి కావలసింది పశువును ఆపే కంచె కాదు, హద్దు చూపే కంచె. రాతి కడీలు పాతి మూడు వరుసల తీగ లాగితే వీరి పని తీరిపోతుంది. అందుచేత సన్న తీగ ఇక్కడ సులభంగా చెల్లుతుంది.

మహబూబాబాద్ సంగతి వేరు. మిర్చి, పత్తి, మొక్కజొన్న, వరి పండే ఈ జిల్లాలో ఇటీవలి సంవత్సరాల్లో ఆయిల్ పామ్ తోటలు కూడా వచ్చాయి. లేత మొక్కకు పశువుల బెడద, అడవి పందుల బెడద రెండూ వున్నాయి. కొత్తగూడ, గంగారం, గూడూరు మండలాల్లో అడవి పొలం గట్టును ఆనుకునే వుంటుంది. ఇక్కడ రైతు కంచె వేసేది హద్దు కోసం కాదు, పంట దక్కించుకోవడం కోసం. మహబూబాబాద్, కేసముద్రం మార్కెట్లలో పంట అమ్ముడై చేతికి డబ్బు వచ్చే వేళనుబట్టే ఈ జిల్లాలో తీగ అమ్మకాలు సాగుతాయి. నడుమ కాలంలో అమ్మేదంతా దాదాపు ఉద్దెర బేరమే.

భూపాలపల్లిలో రైతులతోబాటు పెద్ద సంస్థలు కూడా కొనుగోలుదారులే. సింగరేణి గనులు, చెల్పూరు వద్ద 500, 600 మెగావాట్ల యూనిట్లు గల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం, వాటి చుట్టూ స్టోర్సులు, యార్డులు, స్విచ్ యార్డులు వున్నాయి. ఇక్కడి సరుకులో కొంత భాగం దుకాణం గల్లా మీదుగా కాక టెండర్ల మీదుగా నడుస్తుంది. టెండరు సరుకుకు గేజి, బరువు, పూత అన్నీ కాగితం మీద వుంటాయి. గల్లా సరుకుకు నోటిమాటే ప్రమాణం.

గేజి పెరిగితే తీగ సన్నబడుతుంది

బజారులో ముళ్లతీగను 12×12, 12×14, 14×14 అని పిలుస్తారు. మొదటి అంకె పొడవునా సాగే రెండు పోగుల గేజి. రెండవది ముళ్ల గేజి. గేజి అంకె పెరిగిన కొద్దీ తీగ సన్నమవుతుంది. స్టాండర్డ్ వైర్ గేజి ప్రకారం 12 గేజి అంటే 2.64 మిల్లీమీటర్లు, 14 గేజి అంటే 2.03 మిల్లీమీటర్లు. చూపుకు తేడా అర మిల్లీమీటరు పైచిలుకే. కాని ఇనుము లెక్కలో 12 గేజి పోగు 14 గేజి పోగుకన్నా దాదాపు 70 శాతం బరువైనది. తెగకుండా ఓర్చే బలం కూడా, ఉక్కు రకం ఒకటే అయినప్పుడు, అదే దామాషాలో ఎక్కువ.

ముళ్లు కలపకుండా రెండు పోగుల బరువు మాత్రమే చూస్తే 12 గేజి వంద మీటర్లకు సుమారు 8.6 కిలోలు, 14 గేజి సుమారు 5.1 కిలోలు తూగుతుంది. ఆ పైన ముళ్ల బరువు కలుస్తుంది. భారత ప్రమాణం ఐ.ఎస్. 278లో ముళ్ల ఎడం 75 మిల్లీమీటర్లు, 150 మిల్లీమీటర్లు అని రెండు రకాలుగా వుంది. 75 మిల్లీమీటర్లయితే వంద మీటర్లకు 1,333 ముళ్లు, 150 అయితే 666 ముళ్లు వస్తాయి. అంటే తీగను తేలిక చేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి పోగు సన్నం చేయడం, రెండవది ముళ్లు దూరం చేయడం.

కేంద్ర ప్రజాపనుల శాఖ తన పనుల రేట్ల పట్టికలో ముళ్లతీగకు వంద మీటర్లకు కనీసం 9.38 కిలోల బరువు వుండాలని షరతు పెట్టింది. 14×14 తీగకు ముళ్లు ఎంత దగ్గరగా చుట్టినా సాధారణంగా ఈ బరువు అందదు. టెండరు రేటు వేసేటప్పుడు గల్లా సరుకు ధర మనసులో పెట్టుకుని కోట్ చేసిన సరఫరాదారులు ఆ తర్వాత చిక్కుల్లో పడేది ఇక్కడే.

ఇక గల్లా వ్యాపారంలో ఎదురయ్యే చిక్కు అర గేజి, ఒక గేజి తేడా. 12 అని పేరు పెట్టి 13 గేజి తీగ ఇస్తే ఇనుములో సుమారు 22 శాతం తగ్గుతుంది. ఇందులో తూకం మోసం లేదు. కిలోకు కిలో సరిగానే వుంటుంది, పైగా రైతుకు నాలుగు మీటర్లు ఎక్కువ వచ్చినట్టు కనిపిస్తుంది. తగ్గింది బలం, ఆయుష్షు. ఆ సంగతి బయటపడేది రెండు వానకాలాల తర్వాత. కాంటా పట్టుకోలేని ఈ తేడాను చిన్న స్క్రూగేజి క్షణంలో పట్టిస్తుంది.

ఎకరం చుట్టూ ఎంత తీగ

ముళ్లతీగకు 1874 నవంబరులో అమెరికాలో జోసెఫ్ గ్లిడెన్ పొందిన పేటెంటు ప్రసిద్ధమైనది. ఐ.ఎస్. 278లోని ఒక రకానికి ఆయన పేరే వుంది. రాయి, కర్ర దొరకని మైదానాల్లో వేల ఎకరాల పశువుల బీళ్లను చుట్టడానికి పుట్టిన వస్తువు అది. అక్కడ దీన్ని పొడవు లెక్కన అమ్మే అలవాటుంది. ఒక చుట్ట 1,320 అడుగులు, అంటే పావు మైలు. కొనేవాడు తన హద్దు ఎన్ని మైళ్లో చూసుకుని చుట్టలు ఎత్తుకుపోతాడు.

ఇక్కడి కమతం చిన్నది. 2015–16 వ్యవసాయ గణాంకాల ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు. కమతం చిన్నదయ్యే కొద్దీ ఎకరానికి పడే కంచె ఖర్చు పెరుగుతుంది. చతురస్రంగా వున్న ఎకరం పొలం చుట్టుకొలత సుమారు 254 మీటర్లు. నాలుగు వరుసల తీగకు 1,018 మీటర్లు కావాలి. అదే అయిదెకరాలు ఒకే చోట చతురస్రంగా వుంటే చుట్టుకొలత 569 మీటర్లు, నాలుగు వరుసలకు 2,276 మీటర్లు. ఎకరానికి 455 మీటర్లే పడుతుంది. అంటే ఖర్చు సగానికన్నా తక్కువ. పక్కపక్క కమతాల రైతులు కలిసి ఒకే కంచె వేసుకుంటే ఎంత కలిసివస్తుందో ఈ లెక్క చెబుతుంది. అటువంటి ఉమ్మడి బేరం దుకాణదారుకు కూడా లాభమే. ఒకే చోటికి ఒకే లారీలో సరుకు పోతుంది, పద్దు ఒకటే వుంటుంది.

హెక్టారు కమతం చుట్టుకొలత 400 మీటర్లు. నాలుగు వరుసలకు 1,600 మీటర్ల తీగ. పోగుల బరువు మాత్రం చూస్తే 12 గేజికి సుమారు 138 కిలోలు, 14 గేజికి సుమారు 82 కిలోలు. తేడా 56 కిలోలు. లెక్క సులువు కోసం కిలో వంద రూపాయలనుకుంటే 5,600 రూపాయలు మిగిలినట్టు కనిపిస్తుంది. అయితే పది అడుగులకు ఒకటి చొప్పున 130కి పైగా కడీలు, గుంతల కూలి, మూలల్లో ఊత కడీలు, కట్టుతీగ, లాగే మనుషుల కూలి ఏ తీగకైనా ఒకటే. తీగ తుప్పు పట్టి తెగితే ఆ కూలి రెండవసారి పెట్టాలి. తీగలో చేసిన పొదుపు కూలిలో పోతుంది.

మూలలు, చివరి కడీల సంగతి కూడా చెప్పుకోదగినదే. ప్రజాపనుల శాఖ షరతుల ప్రకారం ప్రతి పదిహేనవ స్తంభానికి, మూల స్తంభానికి రెండు వైపులా ఊతలు పెట్టాలి. పొలాల్లో ఈ ఊతలు ఎగ్గొట్టడం వల్లనే ఎక్కువ కంచెలు వదులవుతాయి. నింద మాత్రం తీగ మీదికి, తీగ అమ్మిన దుకాణం మీదికి వస్తుంది.

జస్తా పూతే ఆయుష్షు

ఇనుప తీగకు ఆయుష్షు పోసేది జస్తా పూత. పూత మందం రెండింతలయితే తుప్పు పట్టడానికి పట్టే కాలం కూడా దాదాపు రెండింతలు అవుతుంది. కరిగిన జస్తాలో ముంచి తీసిన తీగకు మందపాటి పూత పడుతుంది. విద్యుత్ పద్ధతిలో వేసిన పూత మెరుపు ఎక్కువ, మందం తక్కువ. కొనేవారు మెరుపు చూసి మోసపోవడం కద్దు. చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల పూత అన్నదే అసలు కొలత. తయారీదారు బిల్లు మీద ఆ అంకె వుందో లేదో చూసుకోవడం వర్తకుని పని.

రైతుకు చెప్పవలసిన మరొక సంగతి వుంది. గట్టు మీది కంప, పత్తి కట్టె, వరి కొయ్యకాలు తగులబెట్టేటప్పుడు మంట కంచెకు తగిలితే పూత చెడిపోతుంది. జస్తా 420 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరిగిపోయే లోహం. ఒక్క మంటతో పదేళ్ల తీగ రెండేళ్ల తీగ అవుతుంది.

ఈ జస్తా ధర లండన్ మెటల్ ఎక్స్చేంజి చలనాన్ని అనుసరిస్తుంది. విశాఖపట్నంలో 1977లో మొదలైన హిందుస్థాన్ జింక్ కర్మాగారం 2012లో మూతపడింది. ఆ తరువాత ఆ సంస్థ జస్తా ఉత్పత్తి రాజస్థాన్ లోనే సాగుతున్నది.

ముడి సరుకు దారి

తీగకు మూలం వైర్ రాడ్. విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. అందులోని మొదటి వైర్ రాడ్ మిల్లు సామర్థ్యం ఏడాదికి 8.5 లక్షల టన్నులు. తీగ లాగే పరిశ్రమకు దేశంలో పెద్ద కేంద్రాల్లో రాయపూర్ ఒకటి. విశాఖ, రాయపూర్ ధరలు కదిలితే హైదరాబాద్, వరంగల్ టోకు బజార్లు కదులుతాయి. ఆ తర్వాతనే చిల్లర దుకాణాలకు వేడి తగులుతుంది.

ఉక్కు ధరలు, పంపిణీ మీద ప్రభుత్వ అదుపు 1992 జనవరిలో తొలగింది. అంతకు ముందు కోటాలు, పర్మిట్ల కోసం తిరగడమే వర్తకుని ప్రధాన శ్రమ. నేడు సరుకుకు కొరత లేదు, ధరకు నిలకడ లేదు. 2022 మే నెలలో కేంద్రం పలు ఉక్కు వస్తువుల ఎగుమతి మీద 15 శాతం సుంకం వేయడంతో దేశీయ ధరలు దిగివచ్చాయి. నవంబరులో ఆ సుంకం ఎత్తివేశారు. ఆరు నెలల్లో రెండు మలుపులు. పై ధరకు నిలవ పెట్టినవారికి ఆ ఏడాది పాఠం నేర్పింది. ముళ్లతీగ చలామణి మెల్లగా సాగే సరుకు. ఒక పంట కాలానికి మించిన నిలవ దీనిలో జూదమే.

విచిత్రమేమంటే ఇనుప ఖనిజానికి పేరుపడిన బయ్యారం మహబూబాబాద్ జిల్లాలోనే వుంది. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో, బయ్యారం చేరి వున్న నాటి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలను పరిశీలించాలని వ్రాశారు. కర్మాగారం రాలేదు. బయ్యారం రైతు పొలానికి తీగ ఇప్పటికీ బయటి నుంచే వస్తున్నది.

2017 జూలై నుంచి ముళ్లతీగ 7313 శీర్షిక కింద 18 శాతం జి.ఎస్.టి. పరిధిలోకి వచ్చింది. రైతుకు పన్ను తిరిగి రాబట్టుకునే వీలు లేదు గనుక ఈ 18 శాతం పూర్తిగా అతని మీదే పడుతుంది. బిల్లు లేని సరుకు అడగడానికి ఇదొక కారణం. బిల్లు లేని సరుకుకు గేజి పూచీ కూడా వుండదని చెప్పడం దుకాణదారు బాధ్యత.

బందోబస్తు సరుకు వేరు

గోడల మీద, గేట్ల మీద వాడే తీగ చుట్టలకు గిరాకీ వేరుగా వుంటుంది. 1980, 90 దశకాల్లో ఉమ్మడి వరంగల్ జిల్లాలో పోలీసు స్టేషన్ల చుట్టూ ముళ్లతీగ చుట్టలు పరిచి వుండడం ఆ తరం వారికి గుర్తే. నేడు గోదాములు, రైసు మిల్లులు, పెట్రోలు బంకులు, సెల్ టవర్ల ప్రహరీల మీద ఈ సరుకు కనిపిస్తుంది. బ్లేడు పళ్లు గల పట్టీతో చేసే కాన్సర్టినా చుట్టకు ప్రజాపనుల శాఖ పట్టికలో 600 మిల్లీమీటర్ల వ్యాసం నిర్ణయించారు. ఎన్ని చుట్లు, సాగదీస్తే ఎన్ని మీటర్లు అన్నది కూడా పట్టికలో వుంది. చుట్లు తగ్గించి ఎక్కువ దూరం సాగదీస్తే సందులు పడతాయి. ఇక్కడ కూడా సూత్రం అదే. లెక్క బరువులో కాదు, పొడవులో చూడాలి.

కంచె వదులైతే కరెంటు

అటవీ గ్రామాల్లో తీగ కొనే రైతుకు ప్రధాన శత్రువు అడవి పంది. కోతులకు ముళ్లతీగ అడ్డం కాదు. పందికి మాత్రం, సరిగా వేస్తే, అడ్డమే. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ నిపుణులు పంటకు అడుగు దూరంలో, అడుగుకు ఒకటి చొప్పున మూడు వరుసల ముళ్లతీగను సిఫారసు చేస్తూ వచ్చారు. పంది పైనుంచి దూకదు, కిందినుంచి దూరుతుంది. కాబట్టి కింది వరుస బిగువే కీలకం. సన్న తీగ, దూరపు ముళ్లు, ఊత లేని కడీలు ఈ బిగువును నిలపలేవు.

కంచె పని చేయనప్పుడు కొందరు చేసే పని ఘోరమైనది. మోటారు లైను నుంచి గాని, ఇంటి లైను నుంచి గాని తీగకు నేరుగా కరెంటు తగిలిస్తున్నారు. అడవిలో వేటగాళ్లూ ఇదే చేస్తున్నారు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం మండలం అడవిలో గాలింపునకు వెళ్లిన గ్రేహౌండ్స్ కమాండో ఒకరు ఇటువంటి తీగ తగిలి మరణించారు. పొలానికి నీరు పెట్టడానికి చీకట్లో వెళ్లిన రైతులు, పశువుల కాపరులు చనిపోయిన వార్తలు కొత్త కాదు. ఇది విద్యుత్ చట్టం 2003 కింద కరెంటు చౌర్యం, మనిషి పోతే దానికి మించిన నేరం.

సౌర కంచె దీనికి భిన్నమైనది. బ్యాటరీ పెట్టె నుంచి సుమారు సెకనుకు ఒకసారి, రెప్పపాటులో వెయ్యో వంతు వంటి స్వల్ప కాలం మాత్రం దెబ్బ తగిలిస్తుంది. జంతువు బెదిరి వెనక్కి పోతుంది. అయితే ఈ కంచెకు ముళ్లతీగ వాడకూడదు. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం ప్రమాణం 60335-2-76 ముళ్లతీగకు, బ్లేడు తీగకు ఈ దెబ్బ తగిలించడాన్ని నిషేధించింది. ముల్లుకు చిక్కుకున్న మనిషి గాని, పశువు గాని విడిపించుకోలేక మళ్లీ మళ్లీ దెబ్బ తినడమే ఇందుకు కారణం. సౌర కంచె పెట్టె అడిగే రైతుకు నున్న జి.ఐ. తీగ, ఇన్సులేటర్లు ఇవ్వాలి. పాత ముళ్లకంచెకే పెట్టె తగిలిస్తానంటే వద్దని చెప్పాలి.

బిల్లులో నాలుగు అంకెలు

ఈ వ్యాపారంలో నమ్మకం నిలపడానికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. బిల్లు మీద కిలోల బరువుతోబాటు పోగు గేజి, ముళ్ల ఎడం, వంద మీటర్ల బరువు, జస్తా పూత అన్న నాలుగు అంకెలు వ్రాస్తే చాలు. టోకు వర్తకుడు తయారీదారును ఈ నాలుగూ అడిగితే, చిల్లర వర్తకుడు టోకు వర్తకుణ్ణి అడుగుతాడు. ఐ.ఎస్.ఐ. గుర్తు గల సరుకులో ఇవి ఎలాగూ తేలుతాయి.

దీనివల్ల బేరం తీరు కూడా మారుతుంది. కిలో ఎంత అని అడిగే రైతుకు మీటరు ఎంత పడుతుంది, ఎన్నేళ్లు నిలుస్తుంది అన్న జవాబు దొరుకుతుంది. ప్లాటు హద్దుకు 14 గేజి చాలునని, అడవి అంచు పొలానికి 12 గేజికి తగ్గరాదని చెప్పగలిగిన దుకాణానికి మరుసటి వానకాలంలో ఆ ఊరి నుంచి మరో నలుగురు వస్తారు. సన్న తీగను ముతక తీగ పేరుతో అంటగట్టిన దుకాణానికి మాత్రం ఉద్దెర పద్దులు వసూలు కావడం కూడా కష్టమే. కంచె నిలవని రైతుకు పంట దక్కదు, పంట దక్కని రైతు బాకీ కట్టలేడు.